లేదని రాసుకున్న చెక్కభజన

ఆ రోజుల్లో, అంటే చదువు ముగించి కొత్తగా సర్వే ఉద్యోగంలో చేరిన రోజుల్లో, మేం రిపోర్టు ఇచ్చేదాకా సర్కారు కలం కదలదని నేను గట్టిగా నమ్మేదాన్ని. మా పెద్దసారు మాటలు అలా ఉండేవి మరి. చెక్కభజన ఏ ఊళ్లలో ఇంకా బతికుందో, పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారో మేం తేల్చి చెప్పాలి. అలాంటి ఊళ్ల బళ్లలో జీతమిచ్చి భజన గురువును పెడతారు. ఆ పని మీదే కోడుమూరు దాటి ఒక ఊరికి జీపులో వెళ్లాం. (జీపులో సారూ నేనూ, డ్రైవరు, మిగతాదంతా దుమ్ము.) ఎందుకొచ్చామో ముందే చెబితే జవాబులు చెడిపోతాయని సారు నా నోరు కట్టేశారు. ఊళ్లో అందరూ చెక్కల తాత అని పిలిచే భజన గురువును పదిమందిలో అడిగాను, "తాతా, మీ ఊర్లో చెక్కభజన ఉండాదా?" అని.

"యాడుందమ్మా! వానల్లేక పంట పాయ, దాంతోపాటే భజన పాయ. చెక్కలు చెదలు తినె. ఏమీ ల్యాదని రాసుకో తల్లీ."

పక్కనున్న అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటూ, "పిల్లోల్లకు తాళమంటే ఏందో గూడా తెల్దు" అంది. నాకూ ఏడుపొచ్చింది, ఏడుస్తూనే రాసుకున్నాను. సారు మాత్రం ఇంత స్పష్టమైన సమాచారం ఏ ఊళ్లోనూ దొరకలేదని మురిసిపోయారు.

సాయంత్రం జీపెక్కబోతుంటే బడి వెనక నుంచి చెక్కల చప్పుడు! పరుగెత్తాను. గజ్జెలు కట్టుకున్న పిల్లలు గుండ్రంగా తిరుగుతూ ఎగురుతున్నారు, నడుమ తాత. ఏడ్చిన అవ్వ మనవరాలే అందరికన్నా హుషారుగా ఉంది.

"ల్యాదంటివి గదా తాతా!"

"ఉండాదంటే ఎవరేమిస్తారమ్మా? కరువు రాసేటోల్లకు పంట బాగుండాదని ఎప్పుడన్నా చెప్పినామా?" అని నవ్వాడు.

(ఆయన్ని ఏమనగలను? మా సీమలో కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు నష్టం రాసుకోవడానికే వస్తారు.) అసలు సంగతి చెప్పేశాను. తాత చేతిలో చెక్కలు ఆగిపోయాయి. "అట్లయితే మార్చి రాయమ్మా. ఆ జీతమొస్తే సుగ్గికని గుంటూరుకు మిరపకాయలు కోయను పొయ్యే పనుండదు. ఈ పిల్లోల్లను ఇడిసిపెట్టి యాడికీ పోను" అన్నాడు.

నేను జీపు దగ్గరికి వెళ్లి సారును బతిమాలాను. "ఎందుకొచ్చామో చెప్పేశావు కదమ్మా, ఇక వాళ్లేం చెప్పినా చెల్లదు" అన్నారు. పోనీ వచ్చి కళ్లతో చూడండి సార్ అన్నాను. "కళ్లతో చూడటం మన పద్ధతిలో లేదు" అన్నారు. అరిచాను, జీపు ఎక్కనని మొండికేశాను, చివరికి చీకటి పడుతుంటే ఎక్కాను.

రిపోర్టులో ఆ ఊరి పేరు పక్కన 'కళ అంతరించింది' అని పడింది. గురువు ఉద్యోగం ఇంకో ఊరికి పోయింది. తాత ఇంటిల్లిపాదితో సుగ్గికి పోయి అక్కడే నిలిచిపోయాడు. తర్వాత ఇంకో సర్వేకి మేం ఆ ఊరు వెళ్లేసరికి బడి వెనక నిజంగానే ఏ చప్పుడూ లేదు. "చూశావా, మన అంచనా ఎంత కచ్చితమో!" అన్నారు సారు.

ఇప్పుడు నా కింద కొత్త పిల్లలు పనిచేస్తున్నారు. జీపు ఎక్కనని మొండికేసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. గొంతు పెంచితే రిపోర్టు మారుతుందనుకుంది, పిచ్చిది. నేనిప్పుడు ఎవరి మీదా అరవను. అంత నమ్మకం మిగల్లేదు.