తండ్రి కోపం, తెరమీద కుడుములు

"నీకిది వచ్చా?" అని ఎవరడిగినా "వచ్చండీ" అనేసి, ఆ తర్వాత నేర్చుకోవడం మొదలుపెట్టే వయసొకటి ఉంటుంది. నాకది మిషిగన్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో వచ్చింది. మా యూనివర్సిటీ మ్యూజిక్ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం నాది. (కంప్యూటర్ సైన్స్ పిల్లకి అక్కడేం పని అంటారా? ఎఫ్-వన్ వీసా వాళ్లం క్యాంపస్ దాటి పనిచేయకూడదు, కెఫెటేరియాలో గిన్నెల దగ్గర ఖాళీ లేదు.) అక్కడికి రోజూ ఒక ముసలి ప్రొఫెసర్ వచ్చేవారు. ఆయన నాయనమ్మది చెక్ దేశం. ఆవిడ చిన్నప్పుడు చూసిన ఒక ఒపెరాని, అంటే మొదట్నించి చివరిదాకా పాటగానే నడిచే నాటకాన్ని, ఈయన ముప్పయ్యేళ్లుగా పట్టుకుని వేలాడుతున్నారు. ఇప్పుడు దాన్ని ఎవరూ ఆడరు. ఏడుపుగొట్టు కథ అని పుస్తకాల్లో రాసేసి పండితులంతా పక్కన పెట్టేశారు. "కాదు, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారని మా నాయనమ్మ చెప్పేది. నేను చెబితే ఎవరూ నమ్మరు. ఒక్కసారి జనం ముందు పాడిస్తే తెలుస్తుంది" అనేవారు, నేను నిచ్చెన మీద ఉండగా కింద నిలబడి.

చివరికి ఆయన రిటైరయ్యే ఏడు, ఒక ఆదివారం మధ్యాహ్నానికి ఆడిటోరియం దొరికింది. వేషాలూ సెట్టింగులూ ఉండవు. గాయకులు నల్లబట్టల్లో వరసగా నిలబడి, ఎదురుగా పుస్తకాలు పెట్టుకుని పాడతారు, వెనక ఆర్కెస్ట్రా వాయిస్తుంది. (వేషాల్లేని పద్యనాటకం అనుకోండి.) చెక్ భాష ఎవరికీ రాదు కాబట్టి ఇంగ్లీషు అర్థం పైన తెరమీద వాక్యం తర్వాత వాక్యంగా పడాలి. పాట వింటూ సరైన చోట బటన్ నొక్కే మనిషి కావాలి. "నీకు సంగీతం వచ్చా?" అని నన్నడిగారు. "వచ్చు సర్, ఆరేళ్లు నేర్చుకున్నాను" అన్నాను. అబద్ధం కాదు. భీమవరంలో ఆరేళ్లు నేర్చుకున్నమాట నిజమే, ఆ ఆరేళ్లలో గీతాలు దాటలేదన్నదీ నిజమే. రెండోది ఆయన అడగలేదు.

ఆయన ఇచ్చిన నొటేషన్ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని మన పద్ధతిలో దిగాను. ఆ ఒపెరాకి ఒకే ఒక్క పాత రికార్డింగ్ ఉంది. అది పెట్టుకుని, వినబడింది వినబడినట్టు తెలుగులో రాసేసుకున్నాను. మన లిపికి లొంగని శబ్దమంటూ ఉంటుందా? (రెండు మూడున్నాయి. వాటికి చుక్కలు పెట్టాను.) లాంగ్ నోట్‌బుక్ నిండిపోయింది, ప్రతి వరస పక్కనా ఎర్ర ఇంకుతో స్లైడ్ నంబరు. బస్సులో, వంటింట్లో, బట్టలు మడతపెడుతూ అదే బట్టీ. నా రూమ్మేట్ వరంగల్ పిల్ల, మొదటివారం చెవుల్లో దూది పెట్టుకుంది. రెండోవారం పప్పులో పోపు వేస్తూ, "ఏందే నీ లొల్లి, నాకు గూడ నోటికొచ్చేసింది" అని, కథానాయిక తండ్రి పాడే పాటంతా తప్పు లేకుండా పాడి వినిపించింది.

ఇంత చేసి ఆఖరి రిహార్సల్‌కి వెళ్లలేకపోయాను. డేటాబేస్ మిడ్‌టర్మ్ సరిగ్గా ఆ రోజే పడింది. "పర్లేదు, నీకంతా వచ్చుగా" అన్నారు ప్రొఫెసర్. నేనూ అదే అనుకున్నాను.

ఆదివారం హాలు నిండింది. వెనక చిన్న గదిలో లాప్‌టాప్ ముందు నేను. మొదటి అంకం నల్లేరు మీద బండి నడకే. రెండో అంకంలో పిండిమర యజమాని కూతురు, పడవ నడిపేవాణ్ణి ప్రేమించానని పాడుతుంది. తర్వాత ఊరి మగాళ్లంతా తిండి గురించి పాడే పెద్ద కోరస్, పదిహేను స్లైడ్లు. అదయ్యాక తండ్రి కోపం. కోరస్‌లో సగంమందికి జలుబు చేసిందని ఆఖరి రిహార్సల్లో ఆ తిండి పాట మొత్తం ఎత్తేశారట. ఆ సంగతి నాకు చెప్పడం అందరూ మరిచిపోయారు.

నేను కోరస్ మొదటి స్లైడ్ నొక్కాను. తండ్రి లేచి, హాలు అదిరిపోయేలా కూతురి మీద విరుచుకుపడ్డాడు. తెరమీద "ఇంకో పళ్లెం కుడుములు తెండి!" అని పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మొట్టమొదట తోచిందేమిటంటే, పాడేవాళ్లు తప్పారని. (నోట్‌బుక్ మీద అంత నమ్మకం.) వాళ్లే దారికొస్తారులే అని ఇంకోటి నొక్కాను. కూతురు కళ్లు మూసుకుని వెక్కుతూ పాడుతోంది, తెర "క్యాబేజీ లేని బతుకూ ఒక బతుకేనా?" అంటోంది. హాలు గొల్లుమంది. కంగారులో నొక్కినకొద్దీ కుడుములే వస్తున్నాయి. "పో నా ఇంట్లోంచి" అని తండ్రి గర్జిస్తుంటే "కడుపు నిండింది గానీ మనసు నిండలేదు" అని పడింది. జనం నవ్వలేక కళ్లు తుడుచుకుంటున్నారు. ప్రొఫెసర్ హాలు వైపు వీపు పెట్టి ఆర్కెస్ట్రాని నడిపిస్తున్నారు. తెర సరిగ్గా ఆయన నెత్తిమీద ఉంది కాబట్టి ఆయనకి కనబడదు, నవ్వు మాత్రం వినబడింది. ఆ వంగిన భుజాలు నిటారుగా లేచాయి, చేతిలో పుల్ల గంతులేసింది. నా ప్రాణం చచ్చిపోయింది. అంతలో తండ్రి "నె! నె!" అంటూ వరసగా తొమ్మిదిసార్లు కాదన్నాడు. తొమ్మిది "నె"లు నా నోట్‌బుక్‌లో ఒక్క చోటే ఉన్నాయి. ఆ పేజీ వెతికి, ఆ నంబరు కొట్టి బయటపడ్డాను. చివర్లో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

బయట కాఫీల దగ్గర ప్రొఫెసర్ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "విన్నావా? నవ్వారు! మా నాయనమ్మ చెప్పింది నిజమే!" కళ్లనిండా నీళ్లు. ఆ క్షణంలో బుద్ధున్నవాళ్లెవరైనా ఏం చేస్తారు? నోరు మూసుకుంటారు. నా కడుపులో మాట దాగి చస్తేగా. "సర్, అది కుడుముల వల్ల" అని మొదలుపెట్టి మొత్తం కక్కేశాను. ఆయన నా చేతులు వదిలేశారు. ఉద్యోగం పోతే పోయింది, ఆ మొహంలో ముప్పయ్యేళ్ల ఆశ నా వల్ల ఆరిపోతోందే అని ఏడుపొచ్చింది. "ఒక్కరోజు ఆగి చెప్పకూడదా అమ్మాయ్?" అన్నారు మెల్లగా.

తర్వాత, ఏ మాట దగ్గర ఏది పడిందో చెప్పమన్నారు. తండ్రి పాటని చెక్‌లో పాడుతూ, ఎక్కడ పళ్లెం వచ్చిందో, ఎక్కడ క్యాబేజీ వచ్చిందో వరసగా చెప్పాను. మూడోదానికి ఆయన పెదవి వణికింది. ఐదోదానికి మెట్లమీద కూలబడి, కళ్లజోడు తీసేసి, ఊపిరాడకుండా నవ్వారు. నవ్వి నవ్వి, "ఇన్నాళ్లకి అర్థమైంది. మా నాయనమ్మ చూసినరోజు కూడా ఎవరో ఇలాంటి పనే చేసుంటారు" అన్నారు.

ఇప్పుడు అదే మిషిగన్‌లో, ట్రాయ్ అనే ఊళ్లో ఒక కంపెనీలో నా కింద పదిమంది పనిచేస్తారు. మీటింగుల్లో ఆచితూచి మాట్లాడతానని మంచి పేరు. ఈ రోజు అదే జరిగితే "అవును సర్, భలే నవ్వారు" అనేసి కాఫీ తాగి ఇంటికొచ్చేస్తాను. ఆయన సంతోషంగానే ఉండేవారు గానీ, ఆ మెట్లమీద అంత నవ్వు మాత్రం నవ్వేవారు కాదు. లౌక్యం తెలియని ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. ఈసారైనా ఎవరికైనా ఉన్నమాట ఉన్నట్టు చెప్పేద్దామా అనుకుంటాను. చాలావరకు చెప్పను.