తల ఊపడం మాన్పించిన క్రిస్టీనా మేడం

మలికిపురంలో ఒక కొబ్బరికాయల కొట్టు మీద మేడగది ఉంది. కింద లారీలకి కాయలు ఎత్తుతుంటారు, పైన క్రిస్టీనా మేడం కంప్యూటర్ పని నేర్పుతుంటుంది. ఆ గదిలో ఒక విడ్డూరమైన పద్ధతి నడుస్తోంది. మేడం పాఠం మధ్యలో కావాలని ఒక తప్పు చెబుతుంది. ఎవరో ఒకరు లేచి, "కాదండీ మేడం, అది తప్పండీ" అని మొహం మీద చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఆ రోజు పాఠం అక్కడితో సరి. పెద్దవాళ్ళకి ఎదురుచెప్పడం నేర్పే బడి ఎక్కడైనా ఉందా అని ఒక తండ్రి కూతుర్ని మాన్పించేశాడు కూడా. మాన్పించుకోమంది మేడం.

అలాగని ఆవిడ పుట్టుకతో గయ్యాళి అనుకునేరు. రాజోలు పక్క పల్లెలో సాలమోను మాస్టారి కూతురు. మాస్టారి తాత చేలో కూలికి వెళ్ళినవాడు, మాస్టారు బడిపంతులయ్యారు, కూతుర్ని ఇంజనీరింగ్ చదివించారు. క్రిస్టీనా హైదరాబాదులో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసింది. తయారైన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని, టెస్టింగ్ అంటారు దాన్ని. తప్పు పట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. పట్టిన తప్పుని పైవాళ్ళకి చెప్పడం దగ్గరే నోరు పెగిలేది కాదు. మీటింగులో మేనేజరు "అంతా బాగున్నట్టే కదా?" అంటే తల ఊపేసేది. అంత పెద్దాయన బాగుందంటుంటే, నలుగురిలో లేదని ఎలా అంటాం? తరవాత ఆ ప్రోగ్రాం పాడైతే, టెస్టింగ్ వాళ్ళు చెప్పలేదని మాట ఆమె మీదకే వచ్చేది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆమెకే పైఅధికారులయ్యారు. ఆమెకి మాత్రం "మంచమ్మాయి, నెమ్మదస్తురాలు" అనే పేరు మిగిలింది. ముప్ఫై ఆరో ఏట ఆ మంచి పేరుని ఆ కంపెనీకే వదిలేసి వచ్చేసింది.

వచ్చి ఈ గది పెట్టింది. ఇంట్లో ఎవరూ కంప్యూటర్ ముట్టుకోని పిల్లల్ని, ఈ చుట్టుపక్కల కాలేజీల్లో డిగ్రీ చేసి ఏం చెయ్యాలో తోచక కూర్చున్నవాళ్ళని చేరదీసింది. పని గట్టిగా నేర్పితే ఉద్యోగాలు అవే వస్తాయనుకుంది. అక్కడే పొరబడింది. ఆ సంగతి సాయిదుర్గ వల్ల తెలిసొచ్చింది.

సాయిదుర్గది ఓడలరేవు. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు, తల్లి వీరలక్ష్మి చేపలమ్ముతుంది. పిల్ల రోజూ ఒక బస్సు, రెండు ఆటోలు మారి క్లాసుకి వచ్చేది. తప్పుల వాసన పట్టడంలో ఆ పిల్లని చూస్తే క్రిస్టీనాకి తన చిన్నతనం గుర్తొచ్చేది. అయితే ఇంటి దగ్గర ఇంకో ఏర్పాటు జరిగిపోతోంది. కువైట్‌లో ఉన్న మేనత్త ఈ పిల్లకి ఇంటిపని వీసా చూసింది. జూన్ నెలలో ఏజెంటు వస్తాడు, ఆలోగా ఉద్యోగం రాకపోతే పాస్‌పోర్టు అతని చేతికి వెళ్ళిపోతుంది. ఆ తరవాత కంప్యూటర్ లేదు, ఏమీ లేదు, ఎవరింట్లోనో గిన్నెలు కడుక్కోవడమే.

మే నెలలో హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేశారు. ఆసుపత్రిలో డాక్టరు అపాయింటుమెంటు తీసుకునే ప్రోగ్రాం ఒకటి పంపి, ముందే పరీక్షించి ఉంచమన్నారు. ఇంటర్వ్యూ చేసినాయన భాస్కర్. తెర మీద కనిపించి, "పుట్టిన తేదీ దగ్గర ఫిబ్రవరి ముప్ఫై అని కొడితే ఇది తీసుకోదు కదమ్మా?" అన్నాడు. సాయిదుర్గ ముందురోజే కొట్టి చూసింది. అది శుభ్రంగా తీసుకుంది. ఆ సంగతి నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. అయినా చేతులు కట్టుకుని, "ఆయ్, తీసుకోదండీ" అంది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. విషయం తెలియదు, వద్దు అని.

"తెలిసుండీ ఎందుకన్నావే అలాగ?" అని క్రిస్టీనా గది అదిరేలా అరిచింది.

"అంత పెద్దాయన తీసుకోదంటున్నారు కదండీ. మొదటిసారి మాట్లాడుతూ, మీరు తప్పండీ అంటే బాగోదు కదండీ," అంది సాయిదుర్గ. ఏడవలేదు. అందులో తన తప్పేమిటో ఆ పిల్లకి నిజంగా అర్థం కాలేదు.

క్రిస్టీనాకి ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, తన మీదే. సంవత్సరమంతా కూర్చోబెట్టి ప్రోగ్రాములు నేర్పింది గాని, తనని తొమ్మిదేళ్ళు తొక్కేసిన జబ్బుకి మందు వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే భాస్కర్‌కి ఫోన్ చేసింది.

"ఆ అమ్మాయి రాసుకున్న పుస్తకం ఫొటో తీసి పంపేను, చూసేరా అండీ?"

"చూశాను మేడం. తెలిసి కూడా చెప్పలేదంటే ఇంకా కష్టం కదా. మాకు ధైర్యంగా మాట్లాడేవాళ్ళు కావాలి."

"ధైర్యం మీ ఊళ్ళో పిల్లలకి ఉగ్గుపాలతో పోస్తారేమోనండీ. మా పిల్లలకి మర్యాద పోసేం. ధైర్యం నేర్పడానికి నాకు మూడు వారాలు ఇవ్వండి. అప్పుడూ నచ్చకపోతే ఇంకెప్పుడూ మీకు ఫోన్ చెయ్యను."

అవతల ఆయన కాసేపు నసిగి, సరే అన్నాడు. కావాలని తప్పు చెప్పే పద్ధతి ఆ రోజే మొదలైంది. మొదటి రోజు ఎవరూ నోరెత్తలేదు. పాఠం ఆగిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు సాయిదుర్గ లేచి, చెమటలు పట్టి, బల్ల పట్టుకుని, "కాదేమోనండీ" అంది. 'ఏమో' తీసెయ్యమంది క్రిస్టీనా. అది తియ్యడానికి ఇంకో వారం పట్టింది.

రెండో ఇంటర్వ్యూ రోజున క్రిస్టీనా కింద లారీ ఎత్తుబడి ఆపించి, తెరలో కనబడకుండా ఓ మూల కూర్చుంది. ఈసారి భాస్కర్‌తో పాటు అతని దగ్గర పనిచేసేవాళ్ళు ముగ్గురున్నారు. అలాంటి ప్రశ్నలే, ఈసారి సరైన జవాబులు, బాగానే నడిచింది. చివర్లో భాస్కర్, "ఒకే మనిషి ఒకే టైముకి రెండు అపాయింటుమెంట్లు తీసుకోలేడు. అది నేనే స్వయంగా రాశాను, ఆ భాగంలో తప్పు లేదు," అన్నాడు.

అది మొదటిసారిలాగా పరీక్ష కాదు. నిజంగానే అతను అలా అనుకుంటున్నాడు. తప్పు ఉందని నిన్న సాయిదుర్గ చూపిస్తే క్రిస్టీనా కళ్ళారా చూసింది. కానీ అతని కింది మనుషులు ముగ్గురూ చూస్తుండగా ఆ మాట అంటే ఇంకేమైనా ఉందా? వదిలెయ్యమ్మా, ఈ ఒక్కటీ వదిలెయ్ అనుకుంది. అలా అనుకుంటూ తన తల తనే ఊపేస్తోందని ఆవిడకి ఆలస్యంగా తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"కాదండీ. ఉందండీ తప్పు," అంది సాయిదుర్గ.

"నేను మూడుసార్లు చూశానమ్మా."

"మీరు చూసే ఉంటారండీ. పేరు చివర ఒక ఖాళీ వదిలి మళ్ళీ కొట్టండీ. వేరే మనిషి అనుకుని తీసేసుకుంటుందండీ. చూపించమంటారా?"

చూపించింది. తెర మీద ఒకే మనిషికి పదిగంటలకి రెండు అపాయింటుమెంట్లు పక్కపక్కన నిలబడ్డాయి. ముగ్గురిలో ఒకమ్మాయి నవ్వు ఆపుకుంటూ పక్కకి తిరిగింది. భాస్కర్ మొహం గంటు పెట్టుకుని, "సరే, తరవాత చెబుతాం," అని తెర ఆపేశాడు.

నాలుగు రోజులైంది. చెప్పలేదు. శనివారం ఏజెంటు పాస్‌పోర్టు కోసం వస్తాడు. ఆ శనివారం పొద్దున్నే వీరలక్ష్మి కూతుర్ని వెంటబెట్టుకుని మేడమెట్లెక్కి వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు ఉంది. పిల్లని పంపేస్తున్నామని చెప్పడానికే వచ్చిందనుకుంది క్రిస్టీనా. ఎదురుచెప్పడం నేర్పి పిల్ల నోటి దగ్గర కూడు తీసేశానని నాలుగు రాత్రులుగా కుమిలిపోతోంది. ఈసారికి కువైట్ పంపెయ్యండని తనే చెప్పేద్దామనుకుంది.

"వీరలక్ష్మి గారూ, నా మూలంగానే..."

"మీరుండండి మేడం గారూ. ఇది మీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి."

"ఎందుకండీ?"

"ఇంట్లో ఉంటే ఇచ్చేత్తానండీ. మా ఆడపడుచు గారు ఏటన్నా ఆయ్ అనడమే గానీ, ఇరవై రెండేళ్ళయి ఆవిడ మాట కాదన్లేదండీ. పిల్ల అంత పెద్దాయన్ని పట్టుకుని తప్పండీ అన్నాదంట. ఇంటికొచ్చి చెప్తే నేను నమ్మలేదు. అంత పిల్లని గిన్నెలు కడగడానికి పంపమంటారా?"

క్రిస్టీనా పాస్‌పోర్టు అందుకుంటుండగానే వీరలక్ష్మి ఫోన్ మోగింది. కువైట్ నుంచే. ఆమె మొహం పాలిపోవడం చూసి, నేను మాట్లాడతానని క్రిస్టీనా చెయ్యి చాపింది. వీరలక్ష్మి ఆ చెయ్యి పక్కకి నెట్టింది.

"వదినగారూ, ఏజెంటుని రావద్దనండి. పిల్లని పంపనండి... లేదండీ, ఉద్యోగం రాలేదండీ... రాకపోయినా పంపనండి."

అవతల అరుపులు గదిలో అందరికీ వినబడ్డాయి. వీరలక్ష్మి అవన్నీ విని, మర్యాదగా "ఉంటానండీ" అని ఫోన్ పెట్టేసి, మంచినీళ్ళు అడిగింది. నీళ్ళు తేవడానికి వెళ్ళిన క్రిస్టీనా ఆ వంకతో గోడవతల నిలబడి కళ్ళు తుడుచుకుంది.

సోమవారం మధ్యాహ్నం భాస్కర్ ఫోన్ చేశాడు. ఆ తప్పు ఆరు నెలలుగా ఉందట, సరిచెయ్యడానికి నాలుగు రోజులు పట్టిందట. సాయిదుర్గని ఒకటో తారీకున వచ్చి చేరమన్నాడు. చెప్పాల్సింది చెప్పేసి, ఊరుకోలేక ఇంకో మాట కలిపాడు.

"మీ పిల్లల్ని ఇంకా తీసుకుంటాం మేడం. కాకపోతే నలుగురిలో కాస్త మెత్తగా మాట్లాడడం కూడా నేర్పండి."

"మెత్తగా మాట్లాడ్డం మా గోదావరోళ్ళకి నేర్పక్కర్లేదండీ," అంది క్రిస్టీనా. "వినడం మీరు నేర్చుకోండి. వచ్చే నెల ఇంకో ఐదుగుర్ని పంపుతున్నాను."