వైండింగ్ శాఖలో మునియమ్మ ఫిర్యాదు

1944వ సంవత్సరం. బెంగళూరులోని ఒక నూలు మిల్లులో నేను టైమ్‌కీపరును. కార్మికుల రాకపోకల వేళలతో పాటు కంప్లైంటు బుక్కు కూడా నా అధీనంలో ఉండేది. యంత్రంలోని లోపాన్ని అందులో వ్రాస్తేనే మరమ్మతు జరిగేది.

వైండింగ్ శాఖలో, అంటే నూలును కండెలకు చుట్టే చోట, పనివారందరూ స్త్రీలే. జూన్ 13, మంగళవారం ఉదయం మునియమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. దొడ్డబళ్ళాపురం నేతగాళ్ళ బిడ్డ. భర్త పోయాక ఇద్దరు పిల్లలను ఈ పనితోనే సాకుతోంది.

"నా మిషను బెల్టు గార్డు ఊగతా ఉండాదప్పా. రాసుకోండి."

బెల్టు గార్డు అంటే తిరిగే పట్టాకు చేయి తగలకుండా బిగించే ఇనుప తడిక.

"ఎన్ని గంటలకు చూశావు?"

"గంటలు నాకేం తెలుసప్పా? నిన్నా ఊగింది, ఈపొద్దూ ఊగతా ఉండాది."

పక్కనున్న మేస్త్రీ నవ్వాడు. "గార్డు ఊగతా ఉండాదో, నీ తల తిరగతా ఉండాదో చూసుకో పో. ఆడోళ్ళ మాటకంతా మిషను నిలిపితే మిల్లు మూసుకోవాల్సిందే."

నేను నవ్వలేదు. వేళ తెలియని ఫిర్యాదు నమోదుకు తగదని మాత్రం చెప్పాను.

"చెయ్యి పోయినంక గంట చూసి చెప్తాలే" అని ఆమె వెళ్ళిపోయింది.

అరగంటకు ఒక ఫిట్టరు వచ్చి, "స్పిన్నింగులో ఏదో సద్దు వస్తా ఉండాదప్పా, ఎప్పట్నించో తెలీదు" అన్నాడు. వెంటనే వ్రాసుకున్నాను. ఆ తేడా అప్పుడు నాకు తోచనే లేదు.

జూన్ 16, శుక్రవారం మధ్యాహ్నం 2.40కి గార్డు ఊడింది. ఆమె కుడి చేయి పట్టాలో పడి నలిగింది. ఆస్పత్రిలో మణికట్టు వరకు తీసివేశారు.

విచారణలో మేస్త్రీ ఆమె అజాగ్రత్తే కారణమన్నాడు. ఆమె కట్టు కట్టిన చేయితో లేచి, "ముందే చెప్పినాను. ఈయప్పనే అడగండి" అంది.

మేనేజరు నా వైపు తిరిగాడు. "పుస్తకంలో ఉందా?"

"లేదండీ."

ఆయన అడిగినదానికి అది సరైన జవాబే. ఆమె చెప్పిందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పరిహారం ఇవ్వకుండానే ఆమెను పనిలోనుంచి తీసివేశారు.

మేస్త్రీ స్త్రీలను నోటితో తక్కువ చేసేవాడు. నేను వారిని ఏనాడూ ఒక్క పరుషమైన మాట అనలేదు గనుక, నేను వేరని నమ్మాను. ఆ సాయంత్రం పుస్తకాన్ని మొదటి పుట నుంచి లెక్కించాను. ఫిర్యాదులు నూట పన్నెండు. వాటిలో వేళ లేనివి నలభై ఒకటి. ఆ నలభై ఒకటిలో స్త్రీలు చేసినది ఒక్కటీ లేదు. మేస్త్రీ వెక్కిరింతతో చేసిన పనినే నేను నిబంధనతో చేశానని అప్పుడు తెలిసింది.

ఆ లెక్కను మేనేజరుకు చూపలేదు.