గొర్రెల మీద నేర్చిన చెయ్యి

మా పశువుల డాక్టరుగారు పోయారని నిన్న చింతామణి సంతలో విన్నాను. చెప్పినవాడు ఊరుకోక, "గొర్రెల్ని కోసి కోసి సంపినాడు, ఆ పాపం ఊరికే పోతాదా?" అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నాను. నలుగురూ విడిపించారు. నేను రెండు కాళ్ళ మీద ఆ సంతకు నడిచి వెళ్ళానంటే ఆయన చలవే.

కోసిన మాట నిజమే. బెంగళూరులో మనుషులకు ఆపరేషన్లు చేసే డాక్టరు ఒకాయన కోరితే, మా డాక్టరుగారు తన పశువుల దవాఖానా వెనక కొట్టంలో గొర్రెలకు మత్తిచ్చి, తొడలో నరం తెగ్గోసి, నెత్తురు ఎట్లా గడ్డకడుతుందో, ఆ గడ్డ మళ్ళీ ఎందుకు ఊడుతుందో చూసేవారు. గోడల మీద చిమ్మిన నెత్తురు నల్లగా ఎండి ఉండేది. గుడి పూజారుల కుటుంబం ఆయనది; కన్నతండ్రే గడప తొక్కనివ్వలేదు. కోసే ముందు గొర్రె చెవి నిమిరేవారు. అది చచ్చిపోతే ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. "నెత్తురు నిలవాలనే చూస్తాండాదప్పా, మనమే నిలవనీము. తుడిచి తుడిచి చూస్తాము," అనేవారు. బాగేపల్లి వైపు నుంచి తోలుకొచ్చి ఆయనకు గొర్రెలమ్మే నేను నవ్వేవాణ్ణి.

కాలవ నీళ్ళ తగువులో మా దాయాది మచ్చుకత్తితో నా తొడ నరికిన పూట, డాక్టరుగారు మా ఆవును చూడ్డానికి వచ్చి ఉన్నారు. పరుగెత్తుకొచ్చి, గాయంలో గుడ్డ కుక్కి, ఒంటి బరువంతా వేసి అదిమారు. నొప్పికి ఆయన్ను నోటికొచ్చిన బూతులు తిట్టాను. నా భార్య ఏడుస్తూ గుడ్డ ఎత్తి చూసింది. నెత్తురు ఆమె మొహం మీదికి చిమ్మింది. ఆయన మళ్ళీ అదిమారు. ఆమె మళ్ళీ ఎత్తబోయింది. డాక్టరుగారు ఆమె చెంప పగలగొట్టారు.

"మా వదిన్ని కొడతావా!" అంటూ మా తమ్ముడు కొడవలితో ఆయన భుజం మీద వేశాడు.

ఆయన కెవ్వున అరిచారు. చెయ్యి మాత్రం తీయలేదు. "నేను చెయ్యి తీస్తే మీ అన్న చస్తాడు. బండి కట్టప్పా," అన్నారు. తమ్ముడు కొడవలి పారేసి మా ఎద్దుల కొట్టం వైపు పరుగెత్తాడు.

చింతామణి ఆసుపత్రి దాకా బండి తోలింది వాడే, ఏడుస్తూ, ఎద్దుల్ని చావబాదుతూ. "మెల్లగా తోలప్పా, కుదిపితే గడ్డ ఊడతాది," అని డాక్టరుగారు దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నారు. నా మీద వంగి, రెండు చేతులూ నా తొడ మీదే ఉంచారు. ఆయన భుజం నుంచి కారిన నెత్తురు నా రొమ్ము మీద వెచ్చగా పడి, అక్కడే గడ్డకట్టింది.