సంచిలో పన్నెండు చేపలతో కంబదూరుకు

పొద్దున ఐదూ ఇరవైకి అనంతపురం బస్టాండులో నిలబడ్డాను. మెడలో కొత్త కెమెరా, చేతిలో పన్నెండు గప్పీ చేపలున్న పాలిథిన్ సంచి. కల్యాణదుర్గం బస్సు ఐదున్నరకు కదలాలి. ఐదూ యాభై అయినా డ్రైవరు టీ కొట్టు దగ్గరే ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ బస్సుల్లోనే కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇరవై నిమిషాల ఆలస్యం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాత విజిల్ ఇంకా తాళంచెవుల గుత్తికి వేలాడుతూనే ఉంది. ఊదుదామని నోటిదాకా తెచ్చి, మా ఆవిడ మాట గుర్తొచ్చి జేబులో వేసుకున్నాను. పోయిన చోటల్లా కొట్లాట పెట్టుకోవద్దని గడప దగ్గరే చెప్పి పంపింది.

ఈ ప్రయాణానికి కారణం ఈ కెమెరాయే. కొన్న కొత్తలో ఇంట్లో అక్వేరియంతో మొదలుపెట్టాను. చేపల్ని ఫొటో తీయడం ఎంత చిరాకు పనో తీసినవాళ్లకే తెలుసు. ఒక్కటీ కుదురుగా ఉండదు. గాజు మీద ట్యూబులైటు, దాని కింద నా బనియను, నా పొట్ట. చివరికి మా ఆవిడ నల్లచీర తెచ్చి నాకూ కెమెరాకూ కలిపి కప్పితే గాని ఆ మెరుపు పోలేదు. కెమెరా అమ్మిన షాపతను ఒక కిటుకు చెప్పాడు.

"ఫోకస్ కంటి మీద పెట్టు సార్. కన్ను కుదిరితే చాలు, ఎనకాల ఏముండాదో ఎవరూ చూడరు."

రెండు నెలలు ఆ మాటే పట్టుకుని చేపల కళ్లు తీశాను. తోక చివర చిన్న గాటు పడిన ఒక గప్పీ మాత్రం గాజు దగ్గరికి వచ్చి నిలబడేది. నాకు మొట్టమొదట సరిగ్గా వచ్చిన ఫొటో దానిదే.

తర్వాత పిట్టల మీదికి మనసు పోయింది. కంబదూరు అవతల ఒక పల్లెలో మధు అనే అతను నీళ్లతొట్టి కట్టి, దాని ఎదుట గుడారం వేసి, మనిషికి వెయ్యిన్నర తీసుకుని పిట్టల ఫొటోలు తీయిస్తాడని ఆ షాపులోనే విన్నాను. ఆ ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడాడు. "లకుముకి పిట్ట గ్యారంటీ అన్నా. వచ్చేటప్పుడు చిన్న చేపలు ఓ డజను తెండి, ఈడ తొట్టిలోకి." మా అక్వేరియం చేపపిల్లలతో కిక్కిరిసి ఉంది. పల్లె తొట్టిలో దోమపిల్లల్ని తిని హాయిగా బతుకుతాయిలే అనుకుని మంచివి ఏరి పన్నెండు పట్టాను. గాటు తోకది కూడా అందులో ఉంది. ఇంత తెలివితక్కువవాడు ముప్పై ఏళ్లు చిల్లర ఎలా ఇచ్చాడో మీరే ఆలోచించుకోండి.

బస్సు కదిలాక చోటు లేదు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి కూలికి పోయేవాళ్లు, ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు అందరూ ఇందులోనే. పక్క సీటు పెద్దాయన నా ఒళ్లో సంచి చూసి, "ఏమప్పా, కూరకా? ఇవి పంటి కిందికి కూడా రావే" అన్నాడు. సాకడానికని చెప్పాను.

"మా పక్క మనుషులకే ట్యాంకరు రావల్ల. వీటికి యాడనుంచి తెస్తావు నీళ్లు?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అయినా కోపం వచ్చి కిటికీ వైపు తిరిగాను. బయట ఎర్రమట్టి చేలు, రాళ్ల గుట్టలు, ఆకు రాలిన చింతలు. రెండు చోట్ల బోరు బండ్లు కనిపించాయి.

ఏడూ ముప్పై ఐదుకు కల్యాణదుర్గం. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జి నలభై రూపాయలు. ఉగ్గాని బాగుంది. బజ్జి రాత్రిదని నా అనుమానం. అడిగితే హోటలాయన వినపడనట్టు నటించాడు. సంచి ముడి విప్పి చేపలకు కాస్త గాలి తగలనిచ్చాను. ఎనిమిదీ పదికి కంబదూరు బస్సు, దిగేసరికి ఎనిమిదీ యాభై ఐదు. మధు మోటారుసైకిల్‌తో కాచుకుని ఉన్నాడు. పాతికేళ్లు దాటిన మనిషి, నల్లకళ్లద్దాలు, ఆకుపచ్చ టోపీ. మట్టిదారిలో నాలుగు కిలోమీటర్లు తీసుకుపోయాడు.

చూడగానే ముచ్చటేసే ఏర్పాటే. ఆకుపచ్చ వల గుడారం, ఎదురుగా రాళ్లు పేర్చిన చిన్న తొట్టి, నాచు, మధ్యలో పాతిన ఎండుకొమ్మ, అంచుదాకా నీళ్లు. దాని వెనక వంద అడుగుల దూరంలో ఊరి బోరు. బోరు పక్కన పశువులకు కట్టిన పొడుగాటి సిమెంటు తొట్టి. ఆ తొట్టి మీద టార్పాలిను పరిచి, దాని మీద ముళ్లకంప వేసి ఉంది.

"అదేమప్పా, కంపేసినావు?" అని అడిగాను.

"అది చీలిపోయింది అన్నా, పాతది" అన్నాడు.

గుడారంలో బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు అప్పటికే కూర్చున్నారు. మధు నా సంచి అందుకుని, కొమ్మ కింద ఒక వెడల్పాటి పళ్లెంలో చేపల్ని కుమ్మరించాడు. వాటిమీద బెత్తెడు నీళ్లయినా లేవు. లోపలికి పోవడానికి వాటికి చోటు లేదు.

"ఇవి సాకేదానికి కాదా?"

"పిట్ట ఊరికే వస్తాదా అన్నా?" అన్నాడు మధు. బెంగళూరు వాళ్లలో ఒకడు నవ్వాడు.

అప్పుడే లేచి రావలసింది. రాలేదు. అంత దూరం వచ్చాం కదా, డబ్బు కట్టాం కదా అనుకున్నాను. సీటు కోసం తువ్వాలు వేసినవాడి బుద్ధి ఇదే. ఇన్నేళ్లు ఇలాంటివాళ్లనే తిట్టాను.

పది దాటాక కౌజులు వచ్చాయి, తర్వాత పిగిలి పిట్టలు. పదీ యాభైకి లకుముకి వచ్చి కొమ్మ మీద వాలింది. గోధుమరంగు తల, తెల్లని రొమ్ము, కళ్లు చెదిరే నీలం రెక్క. ఒక్క దూకు దూకి చేపతో పైకి లేచింది. నేను కంటి మీద ఫోకస్ పెట్టి మీట నొక్కి పట్టుకున్నాను. ఐదుసార్లు దూకింది. మూడోసారి దాని ముక్కులో గాటు తోకది ఉంది. తెరమీద గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా ఆపలేదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. అంత స్పష్టమైన ఫొటో నేను అంతకుముందు తీయలేదు.

అప్పుడు బోరు వైపు నుంచి ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఇంకా ఎంతసేపు నిలబెడతావు మధూ? మొన్న తొట్టి తెరవకపోతివి, నిన్న తెరవకపోతివి."

మధు గుడారం పక్కనుంచి వంగి పరుగెత్తాడు. "అరవద్దు మారెక్కా, సార్లు ఉండారు. గొర్లను కుంటకు తోలుకోపో."

"కుంటలో నీళ్లు యాడుండాయి? బురద ఉండాది. నిన్న ఈనిన గొర్రె దాంట్లో దిగబడి సచ్చింది. ఇదిగో దాని పిల్ల."

నేను బయటికొచ్చాను. అరవై ఏళ్ల మనిషి, ఎర్రచీర, చెంగులో కళ్లు సరిగా తెరవని గొర్రెపిల్ల. వెనక ముప్పై గొర్రెలు ముళ్లకంప వాసన చూస్తూ నిలబడి ఉన్నాయి.

"తొట్టి చీలిందన్నావే" అన్నాను మధుతో.

"దాంట్లో నీళ్లుంటే పిట్టలన్నీ ఆడికే పోతాయి కదన్నా. నా తొట్టికి ఏది వస్తాది?"

ఎంత మామూలుగా చెప్పాడో. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. విజిల్ తీసి, నడిచే బస్సును ఆపడానికి ఊదినట్టు ఊపిరి ఉన్నంతసేపూ ఊదాను. లకుముకి ఎగిరిపోయింది. బెంగళూరు వాళ్లు కన్నడంలో తిడుతూ లేచారు. అలవాటు కొద్దీ గడియారం చూశాను. పదకొండూ నలభై.

కంప లాగేశాను, చేతులు చీరుకుపోయాయి. టార్పాలిను కింద తొట్టి చక్కగా ఉంది, చిన్న చీలిక కూడా లేదు. చుక్క నీళ్లు లేవు. బోరు మోటారు వేయాలంటే కరెంటు రెండు దాటితే గాని రాదట. అందుకని గొర్రెల్ని మధు తొట్టి మీదికే తోలమన్నాను.

మారెక్క సందేహించింది. "దాంట్లో చేపలుండాయి కదప్పా, తొక్కుతాయి."

మిగిలిన ఏడింటినీ దోసిట్లో పట్టి సంచిలో వేసుకున్నాను. అప్పుడు తోలింది. పది నిమిషాల్లో తొట్టి అడుగు కనిపించింది, కొమ్మ పక్కకు పడింది. ఆమె వేళ్లు తడిపి పిల్ల నోట్లో పెట్టింది. నాకు దండాలేమీ పెట్టలేదు. "ఈ పొద్దుకు సరిపాయె" అని గొర్రెల్ని మళ్లించుకుని పోయింది.

మధు కంపను మళ్లీ ఒకచోటికి చేరుస్తూ, నెమ్మదిగా అన్నాడు. "రేపు నువ్వు రావు కదన్నా."

బండి ఎక్కించుకోలేదు. నాలుగు కిలోమీటర్లు ఎండలో నడిచాను. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. కంబదూరులో టీ అమ్మే ఆమె చేపలకు చెంబెడు నీళ్లు పోసింది. అప్పటికే రెండు తేలిపోయాయి.

రెండూ పదికి బస్సు. పక్క సీట్లో, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే అమ్మాయి, ఇంటికొచ్చి తిరిగి పనికి పోతోంది. "ఏం ఫొటోలన్నా, చూపించు" అంటే కెమెరా చేతికిచ్చాను. లకుముకిని చాలాసేపు చూసింది.

"పిట్ట బాగుండాది. ఆ ఎనక గొర్లు ఎవరివన్నా? నీళ్ల కోసరం నిలబడినట్టుండాయి."

గొర్రెలెక్కడివి అనుకుంటూ కెమెరా తీసుకున్నాను. పిట్ట తోకకు అవతల మసకమసకగా తెల్లటి ముద్దలు. రాళ్లనుకున్నాను. పెద్దది చేసి చూస్తే వరసగా వంచిన తలలు, పక్కన ఎర్రచీర. ఫొటో కింద టైము పదకొండూ నాలుగు. ముందుకు తిప్పాను. పదకొండూ పది, పదకొండూ పద్దెనిమిది, పదకొండూ ముప్పై. అన్నిట్లోనూ గొర్రెలు అక్కడే ఉన్నాయి. ఒక ఫొటోలో ఆమె ఒక భుజం మీది పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకుంటోంది.

ముప్పై ఆరు నిమిషాలు. డ్రైవరు ఇరవై నిమిషాలు టీ తాగాడని పొద్దున ఒళ్లు మండినవాణ్ణి నేను. దారంతా మధును తిట్టాను, తిట్టవలసినవాడే. కానీ వాడు కంప వేసింది నాలాంటివాళ్లు కూర్చుంటారనే. ఈ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగేది ఇంతే. ఆ గొర్రెల్ని చూడగానే లేచానని అప్పటిదాకా అనుకున్నాను, అది నిజం కాదు.

మా ఆవిడ ఫోన్ చేసి పిట్ట దొరికిందా అని అడిగింది. దొరికిందన్నాను.

కల్యాణదుర్గం దగ్గర పడుతోంది. టికెట్లు లెక్క చూసుకుంటున్న కుర్ర కండక్టరును పిలిచి, రాత్రికి కల్యాణదుర్గంలోనే ఆగుతానని చెప్పి, రేపు అక్కణ్ణుంచి కంబదూరుకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని అడిగాను.

"ఆరున్నరకన్నా. ఒక్కోసారి పది నిమిషాలు అటూ ఇటూ అవుతాది."

"రేపు మాత్రం కానివ్వొద్దప్పా" అన్నాను.