నందిగామలో తోడి తప్పిన రోజు

1998లో జగ్గయ్యపేట బస్టాండు పక్క సందులో నాకు హార్మోనియాలు, కీబోర్డులు బాగుచేసే షాపు ఉండేది. జిల్లాలో ఆ పనిలో నన్ను మించినవాడు లేడు. హైదరాబాదు నుంచి కూడా పెట్టెలు మోసుకొచ్చేవాళ్ళు. సరే, హైదరాబాదు అబద్ధం. కోదాడ నుంచి ఒకాయన వచ్చాడు, అదీ ఒక్కసారే.

ఎస్తేరు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. చిల్లకల్లు అమ్మాయి, నందిగామలో ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆదివారం చర్చిలో కీబోర్డు, నాటకాలవాళ్ళు పిలిస్తే పద్యాలకు హార్మోనియం, సాయంత్రాలు ఒక వయొలిన్ మాస్టారి దగ్గర కర్ణాటక సంగీతం. ఏ పోటీకి వెళ్ళినా కప్పుతో వచ్చేది. "నేను తయారుచేసిన పిల్ల" అని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. నిజానికి నేను తుడిచింది ఆమె కీబోర్డు మీద దుమ్ము.

ఆ ఏడు నందిగామలో శాస్త్రీయ వాద్య పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకు రాష్ట్ర పోటీలో చోటు. కీబోర్డు మీద కర్ణాటక సంగీతమేమిటని నిర్వాహకులు ఆమెను మూడుసార్లు తిప్పి, చివరికి పేరు రాసుకున్నారు. సరిగ్గా ఆ వారమే ఆమె కీబోర్డులో రెండు మీటలు పలకడం మానేశాయి.

"శుక్రవారానికి ఇచ్చేయండి బాబాయ్. ఆదివారం మధ్యాహ్నం పోటీ. ఒక్క రోజన్నా వాయించుకోవాలి కదండి."

"గురువారానికే చేసి పెడతా, పోమ్మా."

చేశాను కూడా. మీటల కింది రబ్బరు కాంటాక్టులు స్పిరిట్‌తో తుడిస్తే గంట పని. కానీ పెట్టెను షాపు ముందు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను, నలుగురూ చూడాలని. పక్క బట్టల కొట్టాయన వచ్చి, "ఏదీ గురువుగారూ, ఓ ముక్క వాయించండి" అన్నాడు. నాకు వాయించడం ముక్క కూడా రాదు. రాదని చెప్పలేక బటన్లన్నీ నొక్కాను. పెట్టె పిచ్చిపిచ్చిగా మోగడం మొదలెట్టింది. దాని నోరు మూయించడానికి ఇనిషియలైజ్ చేశాను. అంటే కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేసేయడం. యజమాని పెట్టుకున్నవన్నీ చెరిగిపోతాయి.

శుక్రవారం ఎస్తేరు వస్తే, విజయవాడ నుంచి స్పేరు రావాలని చెప్పి పంపేశాను. ఇంకో రెండు రోజులు బల్ల మీద ఉంటే బాగుండునని.

ఆదివారం కల్యాణ మండపంలో, ఆమె పేరు పిలవబోయే ముందు చేతికిచ్చాను.

"శ్రుతి మారిందేంటి బాబాయ్?"

"దులిపేటప్పుడు చెయ్యి తగిలుంటుందమ్మా."

ఆమె శ్రుతి సరిచేసుకుంది. అంతలో పేరు పిలిచారు.

కీబోర్డుకు ఎడమ చివర ఒక చక్రం ఉంటుంది, పిచ్ బెండ్ అంటారు. దాన్ని తోస్తే స్వరం జారుతుంది. స్వరాన్ని ఊపే గమకం పలికేది దాంతోనే. ఎంత దూరం జారాలో లోపల అంకె పెట్టుకోవాలి. కంపెనీ పెట్టేది రెండు. ఎస్తేరు నాలుగు పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ కొలతకే చేతిని అలవాటు చేసింది.

తోడి రాగం ఎత్తుకుంది. చేయి పాత కొలతకే కదిలింది, స్వరం సగం దూరం వెళ్ళి ఆగింది. ఊగాల్సిన గాంధారం కుంటింది. రెండోసారి తోసి చూసింది. తర్వాత చక్రం మీద నుంచి చేయి తీసేసి, కృతి మొత్తం వట్టి మీటల మీదే నడిపింది. తాళం ఎక్కడా తప్పలేదు. తోడి మాత్రం తోడిలా లేదు.

ముగ్గురు జడ్జీల్లో పెద్దాయన మైకు అందుకున్నాడు. "ఇది ఆటబొమ్మ తల్లీ! దీన్లో తోడి పలకదు. మీ చర్చి పాటలకైతే సరిపోద్ది." మండపం ఘొల్లుమంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ చర్చి మాట ఎత్తడానికి నువ్వెవడివిరా అని అరవాలనిపించింది. అరిస్తే, మరి ఎందుకు పలకలేదో చెప్పాలి. మూడో వరసలో కుర్చీకి అతుక్కుపోయాను.

ఎస్తేరు దిగొచ్చింది. "సెట్టింగులు ముట్టుకున్నారా బాబాయ్?"

"లేదమ్మా, ఒట్టు."

ఆమె పెట్టె ఆన్ చేసి, మెనూ తెరిచి, అంకె నా వైపు తిప్పింది. రెండు.

బహుమతి ఇంకెవరికో ఇచ్చి ఫొటోలు తీసుకుంటున్నప్పుడు లేచాను. పెద్దాయన దగ్గరకెళ్ళి, "తప్పు వాద్యానిది కాదండి, నాది" అన్నాను.

"అయిపోయాక వచ్చి ఏం చెప్తావయ్యా?" అని మొహం తిప్పుకున్నాడు.

తిరిగొచ్చి ఎస్తేరుతో, చెప్పేశానమ్మా అన్నాను, ఘనకార్యం చేసినట్టు.

"ఇందాక చెప్పుంటే ఇంకోసారి వాయించనిచ్చేవాళ్ళేమో బాబాయ్. ఇప్పుడు మీ మనసు తేలికైంది, అంతే." పెట్టె భుజానికెత్తుకుని బస్సుకు వెళ్ళిపోయింది. మళ్ళీ నా షాపు మెట్లెక్కలేదు.

రెండేళ్ళ తర్వాత విజయవాడలో అదే తోడితో గెలిచిందట. పేపర్లో చూశాను. అప్పటికి ఆమె పెట్టెను ఇంకెవరో బాగుచేస్తున్నారు.

ఆ తర్వాత స్క్రూ విప్పే ముందే మెనూలో అంకెలన్నీ కాగితం మీద రాసి, యజమాని చేత సంతకం పెట్టించుకునేవాణ్ణి. తీసుకెళ్ళేటప్పుడు నా ముందే వాయించి చూసుకోమనేవాణ్ణి. ముసలోడి చాదస్తం అని నవ్వేవాళ్ళు. నవ్వనీ.

ఆ పెద్దాయన మీద నాకు ఈనాటికీ కోపమే. కానీ కీబోర్డు మీద తోడి పలకదని ఆయన అన్న అబద్ధానికి మండపం నిండా జనం చెవులారా సాక్ష్యం విన్నారు. ఆ సాక్ష్యం తయారుచేసి పెట్టింది నేను.