మరిచిపొమ్మని చెప్పని వరుస

కేశవ హెబ్బార్‌కి కట్టుకున్న భార్య మాట మీద కూడా లేనంత గురి చిప్పు లోపలి సంగతులు చూపించే డీబగ్గర్ తెర మీద ఉండేది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చిప్పులు డిజైన్ చేయడం ఆయన పని. జీవితంలో సగం ఇతరుల చిప్పులకు అతుకులు వేయడంతోనే గడిచిపోయాక, ఒక ప్రాసెసర్ మొత్తం ఆయన చేతుల మీదుగా తయారైంది. దానికి తల్లి పేరు పెట్టుకున్నాడు, కమలి అని.

కొత్త చిప్పు వస్తే, ఏ ప్రోగ్రామూ నడపకముందు దాన్ని డిజైన్ చేసినవాడే డీబగ్గర్ నుంచి చేత్తో ఒక్కో రిజిస్టర్‌లో, అంటే చిప్పు సంఖ్యలు దాచుకునే గడిలో, సంఖ్య రాసి చూడడం అక్కడి ఆనవాయితీ. అందరూ మైసూర్‌పాక్ పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. హెబ్బార్ ముందు పెద్ద రిజిస్టర్ చూశాడు, తర్వాత చిన్నదాంట్లో రాశాడు. చిన్నది పెద్దదాని కింది సగమే. చోటు ఒకటే, పేర్లు రెండు. కాబట్టి పెద్దదీ మారాలి. తెర మీద మారలేదు. ప్రాసెసర్‌ని ఒక్క అడుగు ముందుకు నడిపితే అప్పుడు మారింది.

"రాత లేటుగా పడుతోంది హెబ్బార్ గారూ. దీన్ని ఎవడికి అంటగడతాం?" అన్నాడు మేనేజర్ దీక్షిత్.

"ఉండు దీక్షిత్, చూస్తాను."

చూశాడు. తిండీ నిద్రా మాని డిజైనంతా తిరగేశాడు. తప్పు దొరకలేదు. దొరకలేదంటే లేదేమో అని మనలాంటివాళ్లం అనుకుంటాం. వీళ్ల జాతి వేరు, దొరకని తప్పు మరీ లోతుగా ఉందని బెంగపెట్టుకుంటారు. చివరికి మీటింగులో లేచి "లోపం నా డిజైన్‌లోనే ఉంది" అని తనే ఒప్పేసుకున్నాడు. కమలిని ఆపేశారు.

డీబగ్గర్ పని చూసే మేదిని ఒకరోజు హోటల్లో ఆయన్ని పట్టుకుంది. కాఫీ ముట్టకుండా నిలబడింది.

"సార్, మీ కమలికి ఏ జబ్బూ లేదు. తప్పు నాది."

"ఏమిటమ్మా?"

"ఏ రిజిస్టర్ ఎందులో ఉందో చిప్పు బిగించిన బోర్డు డీబగ్గర్‌కి చెబుతుంది కదా, ఆ వివరం రాసింది నేనే. చిన్నది పెద్దదాంట్లో ఉందని రాశాను. చిన్నది మారితే పెద్దదాని పాత విలువ మరిచిపోయి చిప్పును మళ్లీ అడగమని చెప్పే వరుస వదిలేశాను. డీబగ్గర్ తన దగ్గర దాచుకున్న పాత సంఖ్యే చూపించింది. ప్రాసెసర్‌ని ఒక్క అడుగు నడిపితే డీబగ్గర్ అన్నీ కొత్తగా అడుగుతుంది, అందుకే అప్పుడు సరిగ్గా కనబడింది. దీక్షిత్ గారికి పోయిన వారమే చెప్పాను సార్."

హెబ్బార్ కాఫీ వదిలేసి దీక్షిత్ గదిలోకి దూసుకెళ్లాడు.

"తెలిసి కూడా నోరు మూసుకున్నావా?"

"అరవకండి. కమలిని కొనాల్సిన కస్టమర్ అప్పటికే వేరేవాళ్ల చిప్పు తీసేసుకున్నాడు. అయినా లోపం మీదేనని మేమెవరమైనా అన్నామా? మీరే కదా అన్నది!"

హెబ్బార్‌కి ఆ మాట నిజమేననిపించింది. మేదిని ఒక వరుస మరిచింది, అంతే. కమలిని కాదని తెరను నమ్మింది తను. ఆ మంటకు మందు లేదు.

"కూర్చోండి. ఆ వేరేవాళ్ల చిప్పుకి మన డీబగ్గర్ కావాలట. రిజిస్టర్ల వివరం ఈసారి మీరు రాయండి, తప్పు రాదు" అన్నాడు దీక్షిత్.

ఇంటి అప్పు, రిటైర్‌మెంట్‌కి మిగిలిన ఏళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు ఆడాయి.

"సరే సార్" అన్నాడు హెబ్బార్. తన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాణ్ని సార్ అనడం ఆయనకు అదే మొదలు.